కంప్యూటరులో ఆజ్ఞల వరుస
(జవహర్‌నగర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం జాబితా ఇప్పుడు లినక్స్ కంప్యూటరులో ఉంది. పేరు, పీపీవో నంబరు, పుట్టిన తేదీ, కాలం చేసిన సభ్యుల భార్యల ఫ్యామిలీ పెన్షన్ వివరాలు అన్నీ ఒకే ఫైలులో. అందుకే ఈ మనవి.

మనం కొట్టే ఆజ్ఞను చదివి పని చేయించే ప్రోగ్రామును షెల్ అంటారు. 1979లో బెల్ ల్యాబ్స్ వారి యూనిక్స్‌తో వచ్చిన స్టీఫెన్ బోర్న్ గారి షెల్ పద్ధతులే నేటికీ నడుస్తున్నాయి. షెల్ మన సెక్షన్ సూపరింటెండెంటు వంటిది. పని తాను చేయదు, గుమస్తాను పిలిచి చేయిస్తుంది. అయితే పిలవడానికి ముందే బల్ల సర్దేస్తుంది. చిక్కంతా అక్కడే.

పేర్లను వరుసగా పేర్చి అదే ఫైలులో ఉంచుదామని ‘సార్ట్ జాబితా > జాబితా’ అని కొట్టారనుకోండి. (ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి సుమా.) షెల్ ముందుగా > గుర్తు చూసి, ఆ ఫైలును రాయడానికి తెరుస్తుంది. తెరవడంతోనే లోపలిదంతా తుడిచిపెడుతుంది. ఆ తర్వాతే సార్ట్ అనే గుమస్తా వస్తాడు. అతనికి దొరికేది ఖాళీ ఫైలు. ఖాళీని పేర్చడంలో తప్పేముంది? ‘సున్నా’ అని రిపోర్టు ఇచ్చి వెళతాడు. షెల్ లెక్కలో సున్నా వస్తేనే పాసు! కనుక తెరమీద ఒక్క హెచ్చరిక కూడా రాదు.

సరైన పద్ధతి: ‘సార్ట్ జాబితా > కొత్తది && ఎంవీ కొత్తది జాబితా’. ఎంవీ అంటే పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టడం. && ఉంటే మొదటి పని పాసైతేనే రెండోది జరుగుతుంది. దాని బదులు ; పెడితే, డిస్కు నిండి సార్ట్ మధ్యలో ఆగిపోయినా ఎంవీ జరిగిపోతుంది, సగం జాబితా మిగులుతుంది. || దీనికి ఎదురు, మొదటిది ఫెయిలైతేనే రెండోది.

ఇంకొకటి. ‘డేట్ ; సార్ట్ జాబితా > కొత్తది’ అంటే తేదీ ఫైలులోకి పోదు, తెరమీదే పడుతుంది. > గుర్తు తన పక్కనున్న ఆజ్ఞకే చెందుతుంది. చివర కొత్త పేర్లు చేర్చాలంటే >> వాడాలి, అది పాతదాన్ని తుడవదు.

‘సెట్ -ఓ నోక్లాబర్’ అని ముందే కొడితే, ఉన్న ఫైలుపై > తో రాయడానికి షెల్ ఒప్పుకోదు. మన కంప్యూటరులో అది పెట్టించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. బీరువాలోని చేతిరాత రిజిస్టరును మాత్రం ఎవరూ చిత్తుకాగితాలకు వేయవద్దు.