దారి తెలియడం కూడా హక్కే

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గృహహింస గురించో, చట్టాల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. ఇవాళ నేను మాట్లాడబోయేది మెట్రో రైలు పటం గురించి, ఛార్జీల పట్టిక గురించి. ఇదీ ఒక విషయమేనా అని కొట్టిపారేయకండి. ఇది విషయమేనని నాకు నేర్పింది ఒక పల్లెటూరి స్త్రీ.

కొన్నేళ్ళ క్రితం అనంతపురం జిల్లా నుంచి పదిహేను మందిమి ధర్నా కోసం ఢిల్లీ వెళ్ళాం. నాకు తప్ప ఎవరికీ ఆ నగరం తెలియదు. పటం నా ఫోనులో ఉంది. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ మారాలో నాకొక్కదానికే తెలుసు. బండి మారే చోట జనం తోసుకున్నారు, తలుపులు మూసుకున్నాయి. ఇద్దరు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయారు. గంట తర్వాత వాళ్ళను కలుసుకున్నప్పుడు నేను క్షమాపణ చెప్పబోయాను. అరవై ఏళ్ళ పెద్దావిడ అడ్డుకుని, "రంగేదో ముందే చెప్పింటే నేనే వచ్చిందును గదమ్మా" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. సమాచారం అధికారమని సభల్లో చెబుతాం. ఆ సమాచారాన్ని నేనే నా చేతిలో పెట్టుకుని, మిగిలిన పద్నాలుగు మందిని నా వెనక నడిపించాను. ఇంట్లో మగవాడు చేసే పనికీ, నేను చేసినదానికీ తేడా ఎంత? "నీకు దారి తెలీదు, నేను తీసుకెళ్తాను" అనే మాటతోనే కదా స్త్రీల కదలికలను తరతరాలుగా కట్టడి చేసింది!

ఇప్పుడు పటం సంగతి చూద్దాం. మెట్రో పటాల తీరు చాలావరకు లండన్ నుంచి వచ్చింది. అక్కడ హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ గీసిన పటాన్ని 1933లో అచ్చువేశారు. అందులో గీతలు తిన్నగా ఉంటాయి, స్టేషన్ల మధ్య దూరాలు నిజమైన కొలతలో ఉండవు. ఎక్కడ మారాలో తెలుసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. కానీ పటంలో పక్కపక్కనే కనిపించే రెండు స్టేషన్లు నేల మీద దూరంగా ఉండవచ్చు, దూరంగా కనిపించేవి నడిచి వెళ్ళగలిగినంత దగ్గరగా ఉండవచ్చు. స్టేషన్ గేటు దాటాక వీధి చీకటిగా ఉంటుందా, ఆటో దొరుకుతుందా, మరుగుదొడ్డి ఎక్కడ, చివరి బండి ఎన్నింటికి అన్న ప్రశ్నలకు ఆ గీతల్లో జవాబు లేదు. స్త్రీలకు కావలసిన ప్రశ్నలు మాత్రం ఇవే.

ఇక ఛార్జీలు. ఢిల్లీ మెట్రో 2002 డిసెంబరులో మొదలైంది. అక్కడ దూరాన్ని బట్టి ఛార్జీ. 2025 ఆగస్టులో పెంచిన రేట్ల ప్రకారం రెండు కిలోమీటర్ల లోపు 11 రూపాయలు, రెండు నుంచి ఐదు కిలోమీటర్లకు 21, ఐదు నుంచి పన్నెండుకు 32, అన్నిటికంటే ఎక్కువ 64. ఆదివారాల్లో, జాతీయ సెలవు దినాల్లో కొంత తక్కువ. స్మార్ట్ కార్డుకు పదిశాతం తగ్గింపు ఉంది. ఇరవై మంది బస చేసిన చోటు నుంచి ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళి తిరిగి వస్తే, కార్డులు లేకుండా, రోజుకు 1,280 రూపాయలు. అదే నాలుగు కిలోమీటర్లైతే 840. అంటే బస ఎక్కడ చూసుకోవాలన్న నిర్ణయానికి కూడా ఈ పట్టిక ముందే కావాలి. కూలి పోగొట్టుకుని వచ్చే స్త్రీకి 22 రూపాయల తేడా చిన్నది కాదు.

హైదరాబాదులోనూ ఇదే లెక్క. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పుడు ఛార్జీలు 10 నుంచి 60 రూపాయలు. 2025 మేలో 12 నుంచి 75కు పెంచి, కొద్ది రోజుల్లోనే పదిశాతం తగ్గించారు. మరోవైపు 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇళ్ళలో పనిచేసే స్త్రీ డబ్బు మిగుల్చుకోవడానికి బస్సెక్కి సమయం పోగొట్టుకుంటుంది. పని, బడి, రేషన్ షాపు అంటూ ఒకే రోజు ముక్కలు ముక్కలుగా తిరిగే స్త్రీకి ప్రతి ముక్కకూ మెట్రో టికెట్ కొనడం భారమే. ఇంకో మాట. ఒక రాష్ట్రంలో ఉన్న ఉచిత ప్రయాణం మరో రాష్ట్రపు స్త్రీలకు వర్తించకపోవచ్చు. ఖర్చు లెక్క వేసేటప్పుడు దాన్ని నమ్ముకోకండి.

సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఎవరూ అడగకముందే సమాచారాన్ని ప్రకటించాలి. స్థానిక భాషనూ, ఖర్చునూ దృష్టిలో పెట్టుకోవాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. కాబట్టి ఛార్జీల పట్టికను ఫోనులోనే కాక రైల్వే స్టేషన్లలో, బస్టాండ్లలో కాగితం మీద పెట్టమని అడగడం దయ కోరడం కాదు.

అది వచ్చేదాకా మన పని మనం చేద్దాం. ప్రయాణానికి వారం ముందు అందరూ కలిసి కూర్చుని, ఒక్కొక్కరికీ ఒక కాగితం తెలుగులో రాసుకుందాం. ఉదాహరణకు ఇలా: "న్యూఢిల్లీ రైల్వే స్టేషన్లో అజ్మేరీ గేట్ వైపు మెట్రో. పసుపు రంగు లైను. గుర్‌గావ్ వైపు వెళ్ళే బండి. రెండో స్టేషన్ పటేల్ చౌక్‌లో దిగాలి. అక్కడి నుంచి జంతర్ మంతర్‌కు నడక. బండి వెళ్ళే దిశలో మొదటి పెట్టె ఆడవాళ్ళది." ఆ పెట్టె 2010 నుంచి ఉంది. కాగితం కింద ఛార్జీ, చివరి బండి వేళ, బస చిరునామా, ఇద్దరు కార్యకర్తల ఫోన్ నంబర్లు రాయాలి. చదువు రానివాళ్ళ కాగితం మీద లైను రంగు పూసి, ఎన్ని స్టేషన్లో అన్ని చుక్కలు పెట్టాలి. ఎవరైనా విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో కూడా ముందే అనుకోవాలి.

ఆ తర్వాతి ప్రయాణంలో మేం ఇలాగే చేశాం. ఆ పెద్దావిడ కాగితం కొంగున ముడేసుకుని ముందు నడిచింది. ఒకచోట నేను తప్పు మెట్లు దిగబోతే వెనక్కి పిలిచింది కూడా. పోరాటానికి రమ్మని స్త్రీలను పిలిచే మనం, వాళ్ళంతట వాళ్ళు అక్కడికి చేరగలిగే దారిని కూడా వాళ్ళ చేతిలో పెట్టాలి.