పేదవాణ్ణి పునాది దాకా చేర్చేదెవరు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మా వంటి వారిని ఇళ్ళ విషయం మాట్లాడమన్నారు. ఇల్లు సరిగా లేని పిల్లవాడికి చదువు ఎంతవరకు ఎక్కుతుందో రోజూ చూస్తున్నాము గనుక ఒప్పుకున్నాము. కురిసే ఇంట్లో ముందుగా తడిచేది పుస్తకాల సంచే.

పేదలకు ప్రభుత్వం ఇల్లు కట్టించడం కొత్త సంగతి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1979లో గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన తెచ్చింది. 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. తెలంగాణ ఏర్పడిన తరువాత 2015లో డబుల్ బెడ్‌రూం ఇళ్ళు మొదలైనవి. 560 చదరపు అడుగుల ఇల్లు, లబ్ధిదారుడు పైసా పెట్టనక్కరలేదు. ఆలోచన గొప్పదే. అయితే ఇల్లంతా సర్కారే కట్టి చేతికివ్వాలి గనుక కోరినవారి సంఖ్యకూ కట్టిన ఇళ్ళ సంఖ్యకూ పొంతన కుదరలేదు.

2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ళ పథకం ప్రారంభమైంది. నియోజకవర్గానికి 3,500 ఇళ్ళ చొప్పున, ఒక్కొక్క ఇంటికి 5 లక్షల రూపాయలు అన్నారు. మన గంగారం ములుగు నియోజకవర్గంలోనిది గనుక ఆ లెక్కలో మనమూ ఉన్నాము. ఇంటి మంజూరు ఆడవారి పేరున ఇవ్వడం మెచ్చుకోవలసిన విషయం. భర్త పోయిన ఇల్లాలిని, విడాకులైన ఆడబిడ్డను రేపు ఎవరూ గడప దాటించలేరు.

ఇంత మంచి పథకం ఉండగా మన వాడల్లో రేకుల కింద ఉన్నవాళ్ళు ఇంకా రేకుల కిందనే ఎందుకున్నారు? మేము విచారించగా మూడు అడ్డంకులు కనిపించినవి.

మొదటిది జాగ. దరఖాస్తులను మూడు జాబితాలుగా విడదీశారు. సొంత జాగ ఉండి ఇల్లు లేనివారు ఎల్-1. జాగా, ఇల్లూ రెండూ లేనివారు ఎల్-2. తక్కినవారు ఎల్-3. తొలి విడతలో ఎల్-1 వారికే ప్రాధాన్యం. అంటే ఎవరికి ఏమీ లేదో వాళ్ళే వెనుక వరుసలో నిలబడ్డారు. కుట్టుమిషను మీద, సైకిల్ రిపేరు మీద, రోజు కూలి మీద బతుకుతూ కిరాయి ఇంట్లో ఉండేవాడు ఆ వరుసలోని వాడే.

మన ప్రాంతంలో ఇంకొక చిక్కు ఉన్నది. ఇది ఏజెన్సీ. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. దానినే మనము 1/70 చట్టమంటాము. దాని ప్రకారం గిరిజనేతరులకు ఇక్కడ భూమి బదిలీ చెల్లదు. మా మాటను అపార్థం చేసుకోవద్దు. ఆ చట్టం కోయ సోదరుల భూమికి కాపలా. ఆ కాపలా ఉండవలసినదే. దానికి తూట్లు పొడిచి మనము ఇల్లు కట్టుకోరాదు. కాని తాతల నాటి నుంచి ఇదే ఊళ్ళో ఉండి, చేతిలో ఏ కాగితమూ లేని బీద కుటుంబానికి నీడ ఎట్లా కల్పించాలో ప్రభుత్వమే ఆలోచించాలి. కేరళలో 2016లో మొదలైన లైఫ్ మిషన్‌లో మొదట సగంలో ఆగిన ఇళ్ళు పూర్తిచేయాలని, తరువాత జాగ ఉన్నవారికి, ఆ తరువాత జాగ లేనివారికి ఇళ్ళివ్వాలని మూడు దశలు పెట్టుకున్నారు. అట్లా ఎల్-2 వారి వంతు ఎప్పుడన్నది మన దగ్గర కూడా తేల్చి చెప్పాలని అడుగుదాము.

రెండవది పునాది. 2025 జనవరిలో తొలి విడత మొదలైనప్పుడు చెప్పిన వరుస ఇది: పునాది పూర్తయితే 1 లక్ష, గోడలు లేస్తే 1.25 లక్షలు, స్లాబు పడితే 1.75 లక్షలు, అంతా పూర్తయితే 1 లక్ష. పని అయిన తరువాతనే ఫోటో, ఫోటో తరువాతనే బిల్లు. మరి ముగ్గు పోసిన రోజున మేస్త్రీకి, కంకరకు, సిమెంటుకు డబ్బెక్కడిది? ఉన్నవాడు పెట్టుకుంటాడు. లేనివాడు వడ్డీకి తెస్తాడు, లేదా మంజూరు కాగితం పట్టుకుని ఊరకే కూర్చుంటాడు.

మూడవది కాగితాలు. ఇది మా బడి పంతుళ్ళకు బాగా తెలిసిన రోగం. ఒకే తల్లి పేరు రేషను కార్డులో కాజాబి, ఆధారులో ఖాజా బీ, బ్యాంకు పుస్తకంలో ఖ్వాజా బేగం. ఉర్దూలో ఒక్కటే పేరు, తెలుగులోకి, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ముగ్గురు మనుషులైపోయింది. దీనికి ఎవరి మీదా కోపం పెట్టుకుని లాభం లేదు, కూర్చుని సరిచేయాలి.

మరొక మాట. ఇల్లు కట్టడమే కాదు, అందులోకి పోగలగాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇళ్ళ కేటాయింపులో 5 శాతం వారికి ఉండాలన్నది. వారిలోనూ ఆడవారికి ముందు అవకాశమివ్వాలన్నది. నడవలేని ముసలమ్మ ఉన్న ఇంట్లో మెట్ల పక్కన ఏటవాలు దారి, చక్రాల కుర్చీ పట్టే తలుపు, లోపలే మరుగుదొడ్డి ముగ్గు పోసే రోజే అనుకోవాలి. గోడ లేచిన తరువాత అనుకుంటే ఖర్చు రెండింతలు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 దాటరాదు. ఆశపడి పెద్దది మొదలుపెడితే బిల్లు ఆగుతుంది.

కనుక సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాము. ఒకటి, బైతుల్‌మాల్ నుంచి పునాది వరకు వడ్డీ లేని కర్జె హసన ఇవ్వాలి. మొదటి బిల్లు రాగానే సొమ్ము తిరిగి జమ చేయాలి, అది మరొకరి పునాదికి పోవాలి. పది మందికి చాలినంత లేకపోయినా ఇద్దరితో మొదలుపెడదాము. రెండు, చదువుకున్న పిల్లలు, పంతుళ్ళు వారానికొక రోజు కూర్చుని పేర్లు, కార్డులు సరిచూడాలి. మేము వస్తాము, మా సెలవు రోజు దీనికే. మూడు, జాగ లేని కుటుంబాల జాబితా మనమే తయారుచేసి, కోయ పెద్దలతో కూడా మాట్లాడి, అందరమూ కలిసి అధికారులకు అర్జీ ఇవ్వాలి. ఆ జాబితాలో మతం చూడవద్దు, గుడిసె చూడండి.

ప్రభుత్వం పునాది తరువాత వస్తానంటున్నది. పునాది దాకా ఎవరు తోడుండాలన్నదే మన ముందున్న ప్రశ్న. ఈ సభ లేచేలోగా ఆ మొదటి ఇద్దరి పేర్లు రాసుకుని లేద్దామని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.

ఖుదా హాఫిజ్. జై హింద్.