క్యాసెట్ మనది, స్కిన్ ఎవరిది?
 

పాత గేమ్సా, కొత్త గేమ్సా? గ్రాఫిక్స్ సంగతి పక్కన పెడదాం. టీవీకి పెట్టి ఆడిన కాంట్రా క్యాసెట్ మనది. దుమ్ము ఊది పెడితే ఇప్పటికీ ఆడొచ్చు. పబ్జీ మొబైల్ అట్టా కాదు. 2020 సెప్టెంబర్ 2న బ్యాన్ చేశారు, అక్టోబర్ 30న సర్వర్లు ఆగిపోయాయి. ఫోన్ చేతిలోనే ఉంది, గేమ్ లేదు! 2021 జూలైలో బీజీఎంఐగా వచ్చింది, 2022 జూలైలో స్టోర్ల నుంచి పోయింది, 2023లో మళ్లీ వచ్చింది.

అంటే యూసీ పెట్టి కొన్న స్కిన్ అద్దె చొక్కా లాంటిదే. సర్వర్ ఉన్నన్నాళ్లే. ఇంట్లోవాళ్ల డబ్బులు దానికి తగలెయ్యొద్దు.

మరి మిగిలేదేంది? మైక్‌లో "రివైవ్ చెయ్ రా!" అని అరిచిన స్క్వాడ్. ఇప్పుడు ఒకడు చెన్నైలో, ఒకడు బెంగళూరులో ఉండుంటాడు. ఈ ఆదివారం ఫోన్ కొట్టండి, ఒక్క మ్యాచ్ ఆడండి. ఉంటా మరి!