పైపుల ఆర్గాన్, మన హార్మోనియం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుకొస్తుంది. దాని గురించీ, డి.ఏ. బకాయిల గురించీ కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నాకిచ్చిన పదిహేను నిమిషాలూ నేను సంగీతం గురించి మాట్లాడతాను. కారణం లేకపోలేదు. మన హాల్లో బీరువా పక్కన గుడ్డ కప్పి పెట్టిన హార్మోనియాన్ని పాత సామాన్ల కింద అమ్మేద్దామని ఈరోజు ఎజెండాలో ఆరో అంశంగా పెట్టారు. చేతులెత్తే ముందు నా మాట కాస్త వినమని మనవి.

నేను 1979లో జమ్మలమడుగు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను. నా అద్దె గదికి దగ్గర్లో ఒక చర్చి ఉండేది. ఆదివారం పొద్దున కాలితో తొక్కే ఆర్గాన్ మోగేది. అందులో గొట్టాలుండవు, లోపల ఇత్తడి రీడ్లే. అసలైన పైపుల ఆర్గాన్‌ను నేను చూసింది తర్వాత చాలా ఏండ్లకు, కంటి ఆపరేషనుకు మద్రాసు పోయినప్పుడు. ఎగ్మూరులో సెయింట్ ఆండ్రూస్ కర్క్ అని 1821 నాటి చర్చి ఉంది. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ నుంచి కొనాకర్ కంపెనీవాళ్ళు చేసిన ఆర్గాన్‌ను 1883లో అక్కడ అమర్చారు. చూశాను గానీ వినలేదు. ఆ రోజు వాయించేవారు లేరు.

ఆ వాద్యం పనితీరు మన కొలిమి తిత్తి లాంటిదే. తిత్తి గాలిని ఒక పెట్టెలోకి నింపుతుంది. మెట్టు నొక్కితే ఆ గాలి ఒక్కో గొట్టంలోకి పోతుంది. ఒక గొట్టం ఒక్క స్వరమే పలుకుతుంది, అందుకే వేల గొట్టాలు కావాలి. కొన్ని పిల్లనగ్రోవి జాతి, కొన్ని సన్నాయి జాతి. అన్నిటికన్నా పెద్ద గొట్టం ముప్పై రెండు అడుగులు కూడా ఉంటుంది, మన మిద్దెల మీద మిద్దె వేసినా చాలదు.

ఇక పారిస్ సంగతి. 2019 ఏప్రిల్ 15న నోత్ర్ దామ్ చర్చి తగలబడటం మీరందరూ టీవీలో చూసే ఉంటారు. అక్కడి పెద్ద ఆర్గాన్‌కు దాదాపు 8,000 గొట్టాలు, అయిదు వరసల మెట్లు. విచిత్రం ఏమిటంటే అది కాలలేదు, దాని మీద నీళ్ళూ పెద్దగా పడలేదు. కానీ పైకప్పు సీసం కరిగి, ఆ దుమ్ము అంతటా పేరుకుంది. 2020లో దాన్ని గొట్టం గొట్టంగా విప్పి, వేరే ఊళ్ళలోని పనివాళ్ళ దగ్గరికి పంపి, శుభ్రం చేయించి, మళ్ళీ తెచ్చి బిగించారు. తర్వాత ఒక్కొక్క గొట్టానికీ శ్రుతి సరిచేయాలి. పగలు కట్టడం పని మోతలో చెవికి ఏమీ ఆనదు గనక రాత్రుళ్ళు కూర్చుని చేశారట. నాకు ఈ ముక్క చాలా నచ్చింది. ఇయర్ ఎండింగ్‌కు మనమూ రాత్రుళ్ళు కూర్చున్నవాళ్ళమే గదా!

2024 డిసెంబరు 7న చర్చి తలుపులు తెరిచినప్పుడు ఆర్చిబిషప్పుగారు ఆర్గాన్‌ను మనిషిని లేపినట్టు ఎనిమిదిసార్లు పిలిచారు. పిలిచిన ప్రతిసారీ అక్కడి విద్వాంసులు నలుగురు వంతులవారీగా అప్పటికప్పుడు కల్పించి వాయించి బదులిచ్చారు. ఏటా మనం బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చుకోవడం నాకు గుర్తొచ్చింది. మనది సంతకంతో సరి, దానికి మోగక తప్పలేదు.

ఆ ఆర్గాన్‌కు కష్టాలు కొత్త కాదు. 1868లో కవయే కోల్ అనే మహా శిల్పి దాన్ని కొత్తగా తీర్చిదిద్దాడు. 1900 నుంచి దాన్ని వాయించిన లూయీ వియెర్న్ దాదాపు అంధుడు. ఆయన కాలానికి వాద్యం బాగా పాడైంది. డబ్బు లేదు. ఆయన మరమ్మతు ఖర్చుల కోసం 1927లో అమెరికా పోయి ఊరూరా కచేరీలు చేశాడు. చూపు సరిగా లేని మనిషి సముద్రం దాటిపోయి చందా పోగుచేశాడంటే ఆలోచించండి. 1932లో మరమ్మతు పూర్తయి కచేరీ జరిగింది. 1937 జూన్ 2న అదే ఆర్గాన్ మీద కచేరీ చేస్తూ ప్రాణం వదిలాడు.

మనకూ పారిస్‌కూ ఏం సంబంధం అని పులివెందుల మిత్రులు నవ్వుతున్నారు. ఉంది. హార్మోనియానికి దబేన్ అనే ఆయన 1842లో పేటెంటు తీసుకున్నది ఆ పారిస్‌లోనే. కాలితో తొక్కే ఆ పెట్టెను కలకత్తా ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని చేత్తో వాయించేలా మార్చాడు. 1885లో మన చక్రాయపేట దగ్గరి సురభిలో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించారు. ఆ సురభి నాటకాలకూ, మన ఊళ్ళలో తెల్లవార్లూ ఆడిన పద్యనాటకాలకూ హార్మోనిస్టే ఆధారం. ఆయన శ్రుతి ఇవ్వందే కృష్ణుడు నోరు తెరిచేవాడు కాదు. గమకం పలకదని ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని బయటికి పంపి, 1971 దాకా రానివ్వలేదు. పద్యం పాడేవాళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు.

సెల్‌ఫోన్లోనే శ్రుతి వస్తుంది, కీబోర్డు కొందాం అని ఒక మిత్రుడు అన్నారు. నిజమే, వస్తుంది. కానీ ఆ పెట్టెను కీర్తిశేషులైన మన సభ్యులొకరు సంఘానికి ఇచ్చారు. ఆయన దాని మీద ముప్పై ఏండ్లు వాయించారు. నేను రిపేరు అతన్ని పిలిపించి చూపించాను. తిత్తికి రెండు చిల్లులు, మూడు మెట్లు బిగుసుకున్నాయి, కొన్ని రీడ్లు తుప్పుపట్టాయి. వాడి చెడిపోలేదు, వాడక చెడిపోయింది అన్నాడు. నాలుగు వేల అయిదు వందలు అడిగాడు. అందులో వెయ్యి నాది, ఇదిగో, కోశాధికారిగారు రశీదు రాయాలి.

రిపేరు చేయించి మళ్ళీ గుడ్డ కప్పేట్టయితే మాత్రం నా వెయ్యి నాకు ఇచ్చేయండి. సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి ఆదివారం ఇదే హాల్లో కచేరీ పెడదాం. ఆ తర్వాత నెలకొకసారి. రాయబారం పద్యాలు వచ్చినవాళ్ళు, క్రైస్తవ కీర్తనలు వచ్చిన జమ్మలమడుగు అక్కయ్యలు, ఎవరైనా సరే, టీ తాగే లోపల పేరు, కట్టె ఎంతో రాయించండి. పులివెందుల వాళ్ళు రాత్రికి ఇల్లు చేరాలి గనక సాయంత్రం నాలుగుకే మొదలుపెడదాం.