రైలు పాసు కొనేముందు



మన విశాఖపట్నంలో ఏ వీధి చూసినా, పిల్లలు పైదేశాల్లో వున్న తల్లులు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. "నువ్వూ నాన్నగారూ వచ్చేయండమ్మా, రైలు పాసు కొంటే యూరప్ అంతా తిరగొచ్చు" అని పిల్లలు ఫోనులో చెబుతూనే వుంటారు. మ్యూనిక్‌లో వున్న మా అమ్మాయీ అలాగే అంది. వెళ్ళాం, తిరిగాం, కొంత డబ్బు పారేసుకున్నాం కూడాను. మీకు ఆ నష్టం రాకూడదనే ఈ నాలుగు మాటలూ.

పాసు మనకు కొత్తదేమీ కాదు. అనకాపల్లి నుంచీ విజయనగరం నుంచీ ఇక్కడికి ఉద్యోగానికి వచ్చేవారు నెలకో సీజన్ టిక్కెట్టు తీసుకుంటారు. రోజూ వస్తారు కనుక గిట్టుతుంది. వారానికొకసారి వచ్చేవాడు తీసుకుంటే దండగే కదా! అక్కడా అదే లెక్క. యూరెయిల్ పాసు 1959లో మొదలైంది. ఇప్పుడు 33 దేశాల్లో చెల్లుతుంది. అన్ని దేశాలనగానే నోరూరుతుంది గాని, మనం చూడబోయేది మూడో నాలుగో. ఏ రోజు ఏ వూరో ముందు కాగితం మీద రాసుకుని, పక్కన విడి టిక్కెట్ల ధరలు వేసి కూడండి. ముందుగా కొంటే అక్కడ చాలా టిక్కెట్లు చవకగా దొరుకుతాయి. కూడిక పాసు ధరకు తక్కువైతే పాసు జోలికి పోకండి. జపాన్‌లో పిల్లలున్నవారు మరీ జాగ్రత్త. అక్కడి ఏడు రోజుల పాసు 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000కు పెరిగింది. టోక్యో నుంచి క్యోటో వెళ్ళి రావడానికి విడిగా అయ్యేది సుమారు 28,000.

పదిహేను రోజులు వరసగా చెల్లే పాసు మీద మా వారికి మోజు. "రోజూ రైలెక్కవచ్చునే!" అన్నారు. ఎక్కవచ్చు, మోకాళ్ళు ఒప్పుకోవద్దూ? చివరికి నెల రోజుల్లో మనకు వీలైన ఏడు రోజులు వాడుకునే పాసు తీసుకున్నాం. అరవై నిండినవారికి పదిశాతం తగ్గింపు కూడా వుంది.

అమ్మాయి కూడా కొన్నాళ్ళు మాతో తిరుగుతానంది. ఇక్కడొక మెలిక వుంది. యూరెయిల్ బయటి దేశాల వారికే. అక్కడే కాపురమున్నవారు ఇంటర్‌రెయిల్ అనే వేరే పాసు తీసుకోవాలి. దానితో తాముండే దేశంలో, బయటికి పోవడానికి ఒక ప్రయాణం, తిరిగి రావడానికి ఒక ప్రయాణం, అంతే. ఒకే పెట్టెలో పక్కపక్కనే తల్లిదొక పాసు, కూతురిదొక పాసు!

పాసు మీద పేరు పాస్‌పోర్టులో వున్నట్టే వుండాలి. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే గదా, ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. పాసుతో పాటు పాస్‌పోర్టూ చూపమంటారు.

ఇక డబ్బు పారేసుకున్న చోటు. ఇటలీలో అమ్మాయి వెంట లేని రోజున, మిలాన్ నుంచి ఫ్లారెన్స్ పోయే వేగం బండి ఎక్కి దర్జాగా కూర్చున్నాం. తనిఖీకి వచ్చినాయన పాసు చూసి, సీటు రిజర్వేషన్ ఏదన్నాడు. చేతిలో శుభలేఖ వుంది, పంక్తిలో విస్తరి లేదు! జరిమానా కట్టాం. తప్పు ఆయనది కాదు, నియమాలు చదవని మాదే. ఇటలీ, ఫ్రాన్సు, స్పెయిన్ వేగం బండ్లకూ, రాత్రి పడక బండ్లకూ పాసున్నా సీటు విడిగా కొనుక్కోవాలి. ఫ్రాన్సులో పాసువాళ్ళకు కేటాయించే సీట్లు తక్కువ, ముందే అయిపోతాయి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా బండ్లకు ఈ బెడద లేదు. పాసు ఫోనులో వుంటుంది. ఎక్కకముందే ఆ రోజునూ, ఎక్కే బండినీ అందులో నమోదు చేయాలి. మరిచిపోయారా, టిక్కెట్టు లేనట్టే.

దగ్గర వూళ్ళకు పాసు రోజు ఖర్చు పెట్టకండి. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్‌కు మేము బవేరియా రాష్ట్రపు ఒకరోజు టిక్కెట్టు మీద వెళ్ళాం. అయిదుగురి దాకా ఒకే టిక్కెట్టు తీసుకోవచ్చు. పనిదినాల్లో ఉదయం తొమ్మిది దాటాకనే చెల్లుతుంది, వేగం బండ్లు ఎక్కకూడదు. మాకు తొందరేమిటి? పులిహోర చేసుకుని తీరిగ్గా బయల్దేరాం.

ఇంత లెక్క వేసినా ఏడింట్లో ఒక రోజు మిగిలింది. దానికి డబ్బు వాపసు ఇవ్వరు. గడువు ముగిసే రోజున పొద్దున్నే లేచి, ఇన్స్‌బ్రుక్ దాకా పోయి సాయంత్రానికి వచ్చేశాం. మా వారు దారి పొడుగునా కిటికీ వదల్లేదు. కొండలు బాగున్నాయట గాని, సొరంగాల్లో మాత్రం మన అరకు బండిదే పైచేయి అన్నారు.