'ఈ ఏటి మనిషి' – ఎవరి లెక్కలో?

(కార్యకర్తల శిక్షణా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలపు ప్రపంచ నాయకుల గురించి, పత్రికలు వాళ్ళకిచ్చిన గుర్తింపు గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు కొంచెం తటపటాయించాను. మన రోజువారీ పని గృహహింస కేసులు, భూమి పట్టాలు, కూలిరేట్లు. చర్చిల్‌తోనూ స్టాలిన్‌తోనూ మనకేం పని అనిపించింది. చివరికి నన్ను ఒప్పించింది మా అమ్మాయి బడికోసం తయారుచేసిన చార్టు.

దానిమీద పన్నెండు బొమ్మలు అంటించింది. పదకొండుమంది మగవాళ్ళు, ఒక్క ఎలిజబెత్ రాణి. "అమ్మా, అందరి కిందా ఏంచేశారో రాశాను. ఈవిడ కింద ఏం రాయాలి?" అంది. 1952లో రాణి అయిందని రాయమన్నాను. "అయింది సరే, చేసిందేమిటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ పన్నెండుమందినీ ఎవరు ఎంచారు, ఎట్లా ఎంచారు అన్న ప్రశ్న మాత్రం పట్టుకుంది. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ఆ రోజుల్లో ప్రపంచ నాయకుడెవరో తేల్చే అధికారం తనకు తానే ఇచ్చుకున్న పత్రిక ఒకటుంది. అమెరికా నుంచి వచ్చే టైమ్ వారపత్రిక. ఏటా చివర్లో ఒకరిని ఎంచి 'మ్యాన్ ఆఫ్ ది ఇయర్' అని ముఖచిత్రం వేసేది. ఇది 1927లో మొదలైంది. మొదలైన తీరు సరదాగా ఉంటుంది. ఆ ఏడాది మే నెలలో లిండ్‌బర్గ్ ఒంటరిగా విమానంలో అట్లాంటిక్ దాటాడు. ప్రపంచమంతా హోరెత్తింది. టైమ్ మాత్రం అతన్ని ముఖచిత్రంగా వెయ్యటం మర్చిపోయింది. ఏడాది చివర్లో, వార్తలు లేని వారంలో, ఆ పొరపాటు దిద్దుకోటానికి అతన్ని 'ఈ ఏటి మనిషి'ని చేశారు. అంటే ఈ సంప్రదాయం పుట్టిందే ఒక విస్మరణని సరిచేసుకోటానికన్నమాట! ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇది మెచ్చుకోలు కాదనీ, మంచికో చెడుకో ఆ ఏటి వార్తల్ని ఎక్కువగా ప్రభావితం చేసినవాళ్ళని ఎంచుతామనీ పత్రిక చెప్పుకునేది. అందుకే 1930లో గాంధీ ఉన్నాడు, 1938లో హిట్లర్ ఉన్నాడు, 1939లోనూ 1942లోనూ స్టాలిన్ ఉన్నాడు. 1940లో చర్చిల్, 1949లో అతన్నే అర్ధ శతాబ్దపు మనిషిగా ప్రకటించారు. 1951లో ఇరాన్ ప్రధాని మొసాదెగ్. ఇంకా సేనాధిపతులు, విదేశాంగ మంత్రులు, 1955లో ఒక కార్ల కంపెనీ అధిపతి. 1960లో 'అమెరికన్ శాస్త్రవేత్తలు' అని పదిహేనుమందిని ఒక్కసారే ఎంచారు. పదిహేనుమందీ పురుషులే.

1927 నుంచి 1960 దాకా ఈ జాబితాలో కనపడే స్త్రీలు ముగ్గురు. ముగ్గురూ ఏ దారిన వచ్చారో చూడండి.

1936లో వాలిస్ సింప్సన్. ఆమె కోసం బ్రిటిష్ రాజు సింహాసనం వదులుకున్నాడు. వదులుకున్నది అతను, గుర్తింపు ఆమె పేరు మీద. 1937లో చైనాకి చెందిన సూంగ్ మెయ్‌లింగ్. ఆమెని విడిగా ఎంచలేదు. చియాంగ్ కై షేక్‌తో కలిపి 'మ్యాన్ అండ్ వైఫ్ ఆఫ్ ది ఇయర్' అన్నారు. 1952లో ఎలిజబెత్. తండ్రి చనిపోయాడు, కొడుకులు లేరు, ఇరవై అయిదేళ్ళ పెద్దకూతురు రాణి అయింది. ఒకరు ప్రియురాలిగా, ఒకరు భార్యగా, ఒకరు కూతురిగా వచ్చారు. మన సంఘాల్లో రేషన్ కార్డు గురించి మాట్లాడుకునేటప్పుడు ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అన్న గడుల గురించి విసుక్కుంటామే, ప్రపంచస్థాయిలో ఉన్నవీ అవే గడులు.

సూంగ్ మెయ్‌లింగ్ దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. ఆమె అమెరికాలో వెల్స్‌లీ కాలేజీలో చదువుకుంది. 1943 ఫిబ్రవరిలో అమెరికన్ కాంగ్రెస్‌లో నిలబడి, జపాన్ మీద యుద్ధంలో చైనాకి సాయం కావాలని మాట్లాడింది. ఆమె రాజకీయాలు నాకు నచ్చవు, అది వేరే సంగతి. కానీ ఆమెకి ముఖచిత్రం దక్కటం వెనక ఆమె తెలివితేటలు మాత్రమే లేవు. టైమ్ స్థాపకుల్లో ఒకరైన హెన్రీ లూస్ చైనాలో పనిచేసిన క్రైస్తవ మిషనరీల కొడుకు, అక్కడే పుట్టాడు, చియాంగ్ పక్షాన గట్టిగా నిలబడ్డాడు. గుర్తింపు అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. పత్రిక యజమానికి ఎవరంటే అభిమానమో, ఏ దేశపు విదేశాంగ విధానానికి ఎవరు అవసరమో దాన్నిబట్టి నడుస్తుంది.

మరి అవే సంవత్సరాల్లో, ముఖచిత్రాలకి అవతల ఏం జరుగుతోంది? 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్య సమితి చార్టర్ మీద సంతకాలు చేసిన 160 మందిలో నలుగురే స్త్రీలు. బ్రెజిల్‌కి చెందిన బెర్తా లుట్జ్, డొమినికన్ రిపబ్లిక్‌కి చెందిన మినర్వా బెర్నార్డినో, చైనాకి చెందిన వూ యీఫాంగ్, అమెరికాకి చెందిన వర్జీనియా గిల్డర్‌స్లీవ్. చార్టర్‌లో స్త్రీపురుషుల సమాన హక్కుల ప్రస్తావన ఉందంటే అందులో లుట్జ్, బెర్నార్డినోల పట్టుదల చాలా ఉంది.

ఆ తర్వాత మానవ హక్కుల ప్రకటన. ఆ కమిషన్‌కి అధ్యక్షురాలు ఎలీనార్ రూజ్‌వెల్ట్. ఆమె కాక 1947–48ల్లో కమిషన్‌లో ఉన్న మరో మహిళా ప్రతినిధి మన హంసా మెహతా. ముసాయిదాలో మొదటి అధికరణం 'ఆల్ మెన్' అని మొదలైంది. మెన్ అంటే మనుషులందరూ అనే అర్థం కదా, అందులో స్త్రీలూ ఉన్నారు కదా అని అప్పటి వాడుక. ఎలీనార్‌కి కూడా మొదట్లో అందులో తప్పు కనపడలేదు. హంసా మెహతా ఒప్పుకోలేదు. ఈ మాటని అక్షరాలా తీసుకుని స్త్రీలని బయటికి నెట్టే దేశాలుంటాయని వాదించింది. చివరికి అది 'ఆల్ హ్యూమన్ బీయింగ్స్' అయింది. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, 8 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. పెళ్ళిలో స్త్రీపురుషులకు సమాన హక్కులుండాలన్న పదహారో అధికరణం కోసం పాకిస్తాన్ ప్రతినిధి బేగం షాయిస్తా ఇక్రాముల్లా గట్టిగా నిలబడింది. బాల్యవివాహాలని ఎదుర్కోటానికి అది పనికొస్తుందని ఆమె ఉద్దేశం. అప్పటికి విడిపోయి ఏడాది దాటిన రెండు దేశాల ఆడవాళ్ళు ఒకే పత్రంలో రెండు చోట్ల తమ ముద్ర వేశారు.

1948కి టైమ్ ఎంచిన మనిషి ట్రూమన్. ఎన్నికల్లో గెలిచాడు కనక.

హంసా మెహతాకి ఈ పట్టుదల న్యూయార్క్ వెళ్ళాక వచ్చింది కాదు. 1945–46లో అఖిల భారత మహిళా సభ మహాసభ మన హైదరాబాదులోనే జరిగింది. అధ్యక్షోపన్యాసంలో ఆమె స్త్రీల హక్కుల పత్రాన్ని ప్రతిపాదించింది. అంటే మానవ హక్కుల ప్రకటనలోని ఆ ఒక్క మాట వెనక ఇట్లాంటి సభలున్నాయి. మీరూ నేనూ కూర్చునే సభల్లాంటివి. తీర్మానాలు, సవరణలు, మళ్ళీ సవరణలు, మధ్యలో చల్లారిపోయిన టీలు.

పత్రికలకి ఇది వార్త కాదు. ఎందుకు కాదో ఆలోచించాలి. సంపాదకులందరూ స్త్రీ ద్వేషులని తేల్చేస్తే సులువుగానే ఉంటుంది, కానీ విషయం అంతకన్నా లోతైంది. వార్త అంటే ఒక రోజున జరిగేది. యుద్ధం ప్రకటించటం, ఒప్పందం మీద సంతకం, గద్దె ఎక్కటం, గద్దె దిగటం. దానికి ఒక ముఖం ఉండాలి, ఫొటో ఉండాలి. నెలల తరబడి ఒక కమిటీలో కూర్చుని ఒక పదాన్ని మార్పించటానికి ఫొటో ఏముంటుంది? సైన్యం, ఖజానా, పార్లమెంటు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే నాయకులన్న నిర్వచనం ముందే ఉంది. ఆ మూడు చోట్లకీ స్త్రీలని రానివ్వలేదు. రానివ్వని చోట వాళ్ళు లేరు కనక నాయకులు కారన్నారు.

రానిచ్చిన తర్వాతైనా సంగతి మారిందా? 1953లో విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీకి తొలి మహిళా అధ్యక్షురాలైంది. అంతకుముందే మాస్కోలో, వాషింగ్టన్‌లో రాయబారిగా పనిచేసినా, నెహ్రూ చెల్లెలన్న పరిచయం ఆమె పేరుని వదల్లేదు. 1960లో సిరిమావో బండారనాయకే ప్రపంచంలో మొట్టమొదటి మహిళా ప్రధాని అయింది. అంతకు ముందు ఏడాదే ఆమె భర్తని హత్య చేశారు. ఆమెని 'ఏడ్చే వితంతువు' అని ఎగతాళి చేశారు. లండన్ పత్రిక ఒకటి, ఇక 'స్టేట్స్‌మన్' అనలేం కాబట్టి కొత్త పదం వెతుక్కోవాలని రాసింది. వాళ్ళకి పదం లేకపోయింది.

మనకి పదం ఎప్పుడో ఉంది. పల్నాటి కథలో నాగమ్మని 'నాయకురాలు' అనే పిలిచారు. ఎనిమిది శతాబ్దాలు దాటినా ఆ బిరుదు ఆమె పేరుకి అంటుకునే ఉంది. దాంతోపాటే ఇంకోటీ అంటుకుని ఉంది. బ్రహ్మనాయుడు సంస్కర్త, నాగమ్మ చిచ్చు పెట్టిన మనిషి. కోడిపందెం నించి యుద్ధం దాకా నేరమంతా ఆమెదే. రాజ్యం నడిపిన ఆడదానికి పేరు దొరికినా, ఆ పేరు తిట్టులా మిగిలిపోయింది.

ఇక్కడ మీరు నన్నొక ప్రశ్న అడగాలి. మరి ముఖచిత్రాల మీద ఆడవాళ్ళ బొమ్మలు పెంచితే సరిపోతుందా అని. సరిపోదు. సిరిమావోనే చూడండి. 1964లో ఆమె, లాల్ బహదూర్ శాస్త్రి కలిసి ఒక ఒప్పందం మీద సంతకం పెట్టారు. శ్రీలంకలో తరాలుగా ఉంటూ ఏ దేశపు పౌరసత్వమూ లేకుండా చేసిన భారత సంతతి వాళ్ళు, ఎక్కువగా తేయాకు తోటల కూలీలు, 9 లక్షల 75 వేలమంది. అందులో 5 లక్షల 25 వేలమందిని ఇండియాకి పంపాలని, 3 లక్షలమందిని శ్రీలంక ఉంచుకోవాలని, మిగిలిన లక్షా యాభై వేలమంది సంగతి తర్వాత చూడాలని అనుకున్నారు. బస్తాలు పంచుకున్నట్టు పంచుకున్నారు. ఆ తోటల్లో ఆకు కోసే ఆడవాళ్ళని ఒక్క మాటా అడగలేదు. సంతకం పెట్టినవాళ్ళలో ఒకరు స్త్రీ అన్నందుకు ఆ ఆడవాళ్ళకి ఒరిగిందేమిటి?

ఇందిరా గాంధీ సంగతీ అంతే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం గెలిచిన ఏడాది టైమ్ ఆమెని ఎంచలేదు, నిక్సన్‌ని ఎంచింది. ఎలిజబెత్ తర్వాత ఒక స్త్రీని ఆమె సొంత పేరుతో ఎంచటానికి 1986లో కొరజాన్ అక్వినో దాకా 34 ఏళ్ళు పట్టింది. మధ్యలో 1975లో 'అమెరికన్ మహిళలు' అని ఒక గుంపుని ఎంచారు. ఆ బిరుదులో 'మ్యాన్' తీసేసి 'పర్సన్' చెయ్యటానికి 1999 దాకా ఆగారు. హంసా మెహతా సవరణ జరిగిన యాభై ఏళ్ళకి అన్నమాట!

2020లో టైమ్‌కి జ్ఞానోదయం అయింది. గడిచిన వందేళ్ళకీ ఏడాదికొక స్త్రీ చొప్పున కొత్త ముఖచిత్రాలు తయారుచేసింది. లిండ్‌బర్గ్‌ని మర్చిపోయి ఏడాది చివర్లో సరిచేసుకున్నారని చెప్పాను కదా, స్త్రీలని సరిచేసుకోటానికి తొమ్మిది దశాబ్దాలు పట్టింది. 1947కి రాజకుమారి అమృత్ కౌర్‌ని వేశారు. స్వతంత్ర భారతానికి తొలి ఆరోగ్యమంత్రి, ఢిల్లీ ఎయిమ్స్ ఏర్పాటుకి ప్రధాన కారకురాలు. సంతోషించాను, అబద్ధమెందుకు. 1948కి ఎలీనార్‌ని వేశారు. హంసా మెహతా లేదు. ఇందిరా గాంధీకి వాళ్ళిచ్చిన సంవత్సరం 1976. ఎమర్జెన్సీ, బలవంతపు ఆపరేషన్లు జరిగిన సంవత్సరం. మంచికో చెడుకో ప్రభావం చూపినవాళ్ళే అన్న కొలబద్ద ప్రకారం చూస్తే తప్పుపట్టలేం. స్త్రీలకి ఇచ్చే గుర్తింపు అంతా పూలదండే కానక్కర్లేదు కూడా.

టైమ్‌ని ఇంతసేపు విమర్శించాక మన సంగతి చూసుకోకపోతే అన్యాయం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనగానే మనలో ఎంతమందికి మొదట గుర్తొచ్చేది 1923 కాకినాడ కాంగ్రెస్? టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిన చిన్నపిల్ల. బావుంటుంది ఆ కథ, నేనూ చాలాసార్లు చెప్పాను. కానీ రాజ్యాంగ సభలో ఆమె పని, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి తొలి అధ్యక్షురాలిగా ఆమె పని, 1958లో స్త్రీవిద్య మీద జాతీయ సంఘానికి ఆమె నాయకత్వం ఎవరూ కథలా చెప్పుకోరు. మనం దాచుకున్న కథలో నెహ్రూ ఉన్నాడు కనక అది బతికింది.

మూడేళ్ళ కిందట ఒక ఊళ్ళో పట్టాల కోసం ఆడవాళ్ళు ఎమ్మార్వో ఆఫీసు ముందు పదకొండు రోజులు కూర్చున్నారు. పదోరోజున ఒక విలేకరి వచ్చాడు. "మీ లీడరెవరమ్మా?" అన్నాడు. "అందరం" అన్నారు వాళ్ళు. "అందరి ఫొటో పడదు, ఒకరు ముందుకు రండి" అన్నాడు. అందరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, కాస్త చదువుకున్నాననో, పట్నం నించి వచ్చాననో నన్ను ముందుకి తోశారు. నేను వెళ్ళాను. మర్నాడు జిల్లా పేజీలో నా బొమ్మే పడింది. నేను అక్కడున్నది ఒకటిన్నర రోజు.

ఉదయం రిజిస్ట్రేషన్ దగ్గర మీకొక తెల్లకాగితం ఇచ్చి, మీకు తెలిసిన అయిదుగురు నాయకుల పేర్లు రాయమన్నాం కదా. భోజనాల తర్వాత చిన్న బృందాలుగా కూర్చున్నప్పుడు వాటిని బయటికి తీద్దాం. రాసింది కొట్టెయ్యకండి, మార్చకండి. పక్కన మాత్రం ఇంకో వరస గీసుకోండి. ఆ పేరు మీకు ఎవరి ద్వారా తెలిసిందో ఆ వరసలో రాయండి.