ఫోన్‌లో డాక్టర్, ఇంట్లో వేయింగ్ మెషీన్: బరువు తగ్గుతామా?

మీలో చాలామంది అడిగారు: "అన్నా, మా ఊళ్ళో స్పెషలిస్ట్ లేరు, వీడియో కాల్‌లో డాక్టర్‌తో మాట్లాడితే బరువు తగ్గుతామా?" సూటిగా చెప్తా: తగ్గొచ్చు. కానీ కాల్ ఎత్తింది ఎవరు, తర్వాత మిమ్మల్ని ఫాలో అయ్యేది ఎవరు అన్నదే అసలు విషయం.

ముందు డేటా చూద్దాం. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు ఒక ట్రయల్ చేసి, 2011లో రిజల్ట్స్ పబ్లిష్ చేశారు. ఊబకాయం ఉన్న 415 మందిని మూడు గ్రూపులు చేశారు. ఒక గ్రూపు పెద్దగా సాయం లేకుండా సొంతంగా తగ్గాలి. రెండో గ్రూపుకి సపోర్ట్ అంతా ఫోన్, వెబ్‌సైట్, ఈమెయిల్‌లోనే. మూడో గ్రూపుకి ఇవన్నీ ఉంటాయి, పైగా కోచ్‌ని నేరుగా కలుస్తారు. రెండేళ్ళ తర్వాత చూస్తే సగటున మొదటి గ్రూపు 0.8 కిలోలు, ఫోన్ గ్రూపు 4.6, నేరుగా కలిసినవాళ్ళు 5.1 కిలోలు తగ్గారు. చివరి రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు!

అంటే పని చేసింది యాప్ కాదు, వదలకుండా ఫోన్ చేసి అడిగే మనిషి. మేం సాఫ్ట్‌వేర్‌లో సర్వర్‌కి మానిటరింగ్ పెడతాం కదా, ఇదీ అంతే. ఎవరో చూస్తున్నారంటే మనం లైన్‌లో ఉంటాం.

రీసెర్చ్‌లో ఇంకో చిక్కుంది. బరువెంత అని ఫోన్‌లో అడిగితే చాలామంది ఉన్నదానికన్నా కాస్త తగ్గించే చెప్తారు. అందుకే ఇంటి దగ్గర్నుంచే చేసే స్టడీల్లో రీడింగ్‌ని నేరుగా పంపే స్మార్ట్ స్కేల్స్ వాడుతుంటారు. మీరు కూడా డాక్టర్‌కి గుర్తున్న నంబర్ చెప్పకండి. పొద్దున్నే, ఏమీ తినకముందు, అదే మెషీన్ మీద చూసి రాసిపెట్టండి.

ఇప్పుడు సీరియస్ విషయం. మా కజిన్ ఒకడు ఆన్‌లైన్‌లో ఏదో ఫారం నింపాడు. కాసేపట్లోనే బరువు తగ్గే ఇంజెక్షన్‌కి చీటీ వచ్చేసింది. డాక్టర్ ముఖం చూడలేదు, గొంతు వినలేదు. "బీపీ చూశారా? ఏ మందులు వాడుతున్నావని అడిగారా?" అన్నాను. "లేదురా" అన్నాడు. ఆర్డర్ ఆపించి దగ్గర్లోని ఫిజీషియన్‌కి చూపిస్తే, బీపీ ఎక్కువుందని తేలింది. ఆ సంగతి వాడికీ తెలీదు. ఇక ఫారానికి ఎలా తెలుస్తుంది?

మన దేశంలో దీనికి రూల్స్ ఉన్నాయి. 2020 మార్చి 25న టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్ వచ్చాయి. డాక్టర్ తానెవరో చెప్పాలి, చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఏఐ తనంతట తాను మందులు రాయకూడదు. ఇవి లేకపోతే ఆ ట్యాబ్ క్లోజ్ చేసేయండి. ఫ్రీగా కావాలంటే ప్రభుత్వ ఈ-సంజీవని ఉంది.

కాల్‌కి ముందు నాలుగు రెడీగా పెట్టుకోండి: ఎత్తు, బరువు, నడుము కొలత, వాడుతున్న మందుల లిస్ట్. మన ఇండియన్స్‌కి బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఫోన్‌తో కానివీ ఉన్నాయి. బీపీ, రక్త పరీక్షలు ఎక్కడో ఒకచోట చేయించాల్సిందే. ప్రెగ్నెన్సీ ఉన్నా, ప్లాన్ చేస్తున్నా డాక్టర్‌కి ముందే చెప్పండి. ఇంజెక్షన్ వాడుతుండగా కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చి తగ్గకపోతే, చాట్‌లో మెసేజ్ పెట్టి కూర్చోకండి, వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళండి.

ఇవాళ్టికి ఒక్క పని: ఇంట్లో టేపుంటే అమ్మానాన్నల నడుము కొలత కూడా తీసుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!